గోడకు పొట్ట ఎందుకొచ్చింది?

అయ్యా,

మాది హిందూపురం. ముప్పై ఏళ్లుగా బెంగళూరులో మేస్త్రీ పని చేస్తున్నాను. మొన్నటి వానలకు మా వీధి చివర సైజు రాళ్ల కాంపౌండ్ గోడ పొట్ట వచ్చి, ఒక మూల కూలింది. ఓనరేమో సిమెంటు మింగేశారని కాంట్రాక్టరును తిడుతున్నాడు. వెళ్లి చూశాను. రాళ్ల మధ్య పెట్టిన సిమెంటు, ఇసుక మాలు గట్టిగానే ఉంది, గడ్డపారతో పొడిచినా రాలలేదు. లేనిదల్లా కట్టురాయి. గోడ ముందు ముఖాన్నీ వెనక ముఖాన్నీ కలిపి పట్టే పొడుగు రాయి ఒక్కటి కనబడితే ఒట్టు! మధ్యలో అంతా రాతి చిప్పలు, మట్టి. అంటే అది ఒక గోడ కాదు, ఆనుకుని నిలబడ్డ రెండు పలచటి గోడలు. నీళ్లు దిగితే విడిపోక ఏం చేస్తాయి?

రెండడుగుల లోపు మందానికి ఈ ముఖం నుంచి ఆ ముఖానికి ఒకే రాయి, ప్రతి వరసలో అయిదారు అడుగులకొకటి పడాలి. అవి ఉంటే 1:6 మాలు, అంటే ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక, చాలు. షాబాద్ లాంటి పొరల రాయైతే పొరలు పడుకునేలా పేర్చాలి, నిలబెడితే విచ్చుకుంటాయి. పాత సున్నపు గోడల సందుల్లో సిమెంటు కూరడం ఇంకో పిచ్చి. తేమ బయటికి రాలేక రాయి అంచులే రాలతాయి.

ఓనర్లూ, బస్తాలు తర్వాత లెక్కపెట్టుకోండి. వరస మూయకముందే వెళ్లి కట్టురాళ్లు చూసుకోండి.

– ఒక మేస్త్రీ, కె.ఆర్. పురం, బెంగళూరు