కెప్టెన్ హ్యాడక్ తిట్లు తెలుగులో

ప్రియ మిత్రమా,

టిన్‌టిన్ బొమ్మల కథల్లోని కెప్టెన్ హ్యాడక్ తిట్లను తెలుగులోకి తేవడం అసలు అయ్యే పనేనా అని కిందటి ఉత్తరంలో నువ్వు అడిగిన ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఆ తిట్లు ఎలా పుట్టాయో, వేరే భాషల్లోకి వెళ్ళినప్పుడు ఏ రూపం దాల్చాయో చూస్తే తప్ప మన సంగతి తేలదు.

బెల్జియం జర్మన్ సైన్యం అధీనంలో ఉన్న కాలంలో, 1940-41లో ధారావాహికగా వెలువడిన ‘ద క్రాబ్ విత్ ద గోల్డెన్ క్లాస్’ కథలో, టిన్‌టిన్‌ను సృష్టించిన బెల్జియం చిత్రకారుడు హెర్జే ఈ కెప్టెన్‌ను తొలిసారి ప్రవేశపెట్టాడు. ఓడ మీద బతికినవాడు, తాగుబోతు, ముక్కోపి; అటువంటి మనిషి నోరు విప్పితే బూతులే రావాలి, చదివేవారేమో పసిపిల్లలు. ఈ చిక్కు నుంచి హెర్జేను బయటపడేసినది 1933 నాటి ఒక జ్ఞాపకం. ఆ ఏడాది బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీల మధ్య నాలుగు రాజ్యాల ఒప్పందం కుదిరినప్పుడు, గిరాకీతో తగవు పడిన ఒక దుకాణదారు ఆ మనిషిని ‘నాలుగు రాజ్యాల ఒప్పందమా!’ అని తిట్టడం ఆయన విన్నాడట. తిట్టుకు అర్థం కంటే విసురు ముఖ్యమని ఆ దుకాణదారు తెలియకుండానే నేర్పినట్లయింది. అదే కథలో, ఎడారి పోరులో తుపాకి గుండు తగిలి తన సీసా పగిలిపోయినప్పుడు కెప్టెన్ శత్రువుల మీదికి ఒంటరిగా దూసుకుపోతూ కురిపించే తిట్లవాన ఆ పాఠానికి తొలి ఫలం.

ఆ వానలోనూ తరువాతి కథల్లోనూ ఏమేమి ఉన్నాయో చూడు. ఓఫిక్లైడ్ ఒక ఇత్తడి వాయిద్యం, బాషీబజూక్ ఒట్టోమన్ సామ్రాజ్యపు క్రమబద్ధం కాని దళాల సైనికుడు, అనకొల్యూత్ అన్వయం తప్పిన వాక్యానికి వ్యాకరణ శాస్త్రం పెట్టిన పేరు. వీటిలో బూతు ఒక్కటీ లేదు. అయినా వినేవాడికి దెబ్బ తగిలినట్టే ఉంటుంది, ఎందుకంటే తనను ఏమన్నారో అతడికి అర్థం కాదు, అన్నవాడి ఆగ్రహం మాత్రం పూర్తిగా అర్థమవుతుంది.

ఇక కెప్టెన్ ఊతపదం సంగతి. ఫ్రెంచిలో అది ‘మిల్ సబోర్’, అంటే వెయ్యి సబోర్లు; సబోర్ అంటే యుద్ధనౌక పక్కభాగంలో ఫిరంగి మూతి బయటికి రావడానికి తీర్చిన కంత. వెయ్యి ఫిరంగులు ఒక్కసారి పేలినట్టు ఆ మాట పేలుతుంది. 1958 నుంచి ఈ కథలను ఇంగ్లీషులోకి తెచ్చిన లెస్లీ లాన్స్‌డేల్-కూపర్, మైకేల్ టర్నర్‌లు కంతను వదిలేసి, ఓడ అడుగున అంటుకుపోయే గుల్ల ప్రాణులైన బార్నకిల్స్‌ను పట్టుకున్నారు. మనం ఇంగ్లీషులో చదువుకున్న ‘బిలియన్స్ ఆఫ్ బ్లూ బ్లిస్టరింగ్ బార్నకిల్స్’ అలా పుట్టింది. పెదవులు మూసుకొని పగిలితే తప్ప బకారం పలకదు కాబట్టి, ఫిరంగులు పోయినా ప్రేలుడు మిగిలింది. అది గొప్ప అనువాదమని నేను నిస్సంకోచంగా అంటాను. జర్మన్‌లో ఆ చోట లక్ష నరకపు కుక్కలు హకారాల వరుసలో ఊళ పెడతాయి, డచ్చిలో వెయ్యి బాంబులూ గ్రనేడ్లూ పేలుతాయి, హిందీలో కోట్లాది నల్ల తాబేళ్ళు కకారాల మీద మెలికలు తిరుగుతాయి. ఏ భాషా మాటను మోసుకురాలేదు, అన్నీ ఊపిరిని మోసుకొచ్చాయి.

తిట్టుకు ఊపిరే ప్రాణమని హెర్జేకు తెలుసు. ‘రెడ్ రాకమ్స్ ట్రెజర్’ కథలో కెప్టెన్ పూర్వీకుడు ఒకనాడు గడిపిన దీవికి అందరూ వెళితే, అక్కడి చిలకలు అతడి తిట్లను తరతరాలుగా వల్లిస్తూ కనిపిస్తాయి. అర్థం తెలియని పక్షుల నోట కూడా అవి చెక్కుచెదరలేదు.

మన దగ్గర ప్రాసకూ యతికీ లోటేమిటి? ఊతపదానికి నేను ‘వేనవేల వాయుగుండాలు!’ అని పెట్టుకున్నాను. కోస్తాలో వాయుగుండం అన్న మాట వినగానే గుండె ఝల్లుమనని వారుండరు, పైగా అది సముద్రం నుంచి వచ్చిన మాటే. ఇక వ్యాకరణపు తిట్లకు మన బాలవ్యాకరణం ఒక గని. ‘ఓరి శకటరేఫమా! ద్రుతప్రకృతికమా! గసడదవాదేశమా!’ అని గట్టిగా చదివి చూడు. బడిలో వీటితో కుస్తీ పట్టిన ప్రతివారికీ నవ్వూ దడా కలిసి వస్తాయి. అడ్డంకి బుడగ దగ్గరే. సంభాషణ బుడగ ముందే గీసి ఉంటుంది, మన అక్షరానికేమో పైన గుడి, కింద ఒత్తు ఉండి పంక్తులు ఎడంగా పరచుకుంటాయి కాబట్టి, పొడవాటి సమాసాన్ని తెగ్గొట్టక తప్పని చోట్లు చాలా వస్తాయి.

మనం జాగ్రత్తపడవలసినది మరొకటి ఉంది. మన నోటికి సులువుగా వచ్చే తిట్లలో చాలా భాగం ఆడవారినో, కులాన్నో, అవిటితనాన్నో గాయపరిచేవే. వాటిలో ఒక్కటి కూడా కెప్టెన్ నోట పడకూడదు. హెర్జే తిట్లలోనూ జపోటెక్, పాపువా వంటి జాతుల పేర్లు ఉన్నాయి. శబ్దం ఎంత బాగున్నా నేను వాటిని తేను. ఒకసారి ‘న్యూమోథొరాక్స్’ అన్న ఊపిరితిత్తుల జబ్బు పేరును తిట్టుగా వాడితే, ఆ జబ్బుతో బాధపడుతున్న పిల్లవాడి తండ్రి రాసినట్టుగా ఒక ఉత్తరం వచ్చిందనీ, హెర్జే క్షమాపణ చెప్పి ఆ మాటను తీసేశాడనీ, అది ఆయన మిత్రుడు ఆటపట్టించడానికి రాసినదని తరువాత తేలిందనీ చెబుతారు. ఉత్తరం బూటకమైనా మాటను తీసేయడం సరైన పనే అని నా అభిప్రాయం.

నువ్వు కాకినాడలోనే ఉన్నావు కాబట్టి ఒక పని చేసిపెట్టు. ఉప్పాడ వెళ్ళినప్పుడు, పడవ అడుగున గట్టిగా పట్టుకుపోయే ఆ గుల్లలను అక్కడి వేటగాళ్ళు ఏమంటారో, వల చిరిగినప్పుడు ఎవరినీ నొప్పించకుండా వారు ఏమని విసుక్కుంటారో అడిగి, విన్నది విన్నట్టు రాసి పంపు. వాటిలో బకారంతో మొదలయ్యేవి ఉంటే ముందుగా అవే రాయి.

నీ మిత్రుడు