ఐపీ పెట్టడమంటే పారిపోవడం కాదు

సంపాదకులకు,

గత మంగళవారం జిల్లా పేజీలో, ఒక వ్యాపారి ఐపీ పెట్టి పారిపోయాడన్నట్టు వచ్చిన వార్త గురించి రాస్తున్నాను. రాద్దామా మానుదామా అని ఇన్నాళ్ళూ ఆగాను. నిన్న టీకొట్టు దగ్గర నలుగురు ఆ పేపరు పట్టుకుని ‘ఎగ్గొట్టి పోయాడు’ అని ఆ వ్యాపారిని తిడుతుంటే ఇక ఉండబట్టలేదు. ఆయనెవరో నాకు తెలియదు. దగా చేశాడో లేదో కోర్టు తేలుస్తుంది. కానీ ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, అప్పులు తీర్చలేనని కోర్టులో వేసే దివాలా అర్జీ అని, పారిపోయేవాడు కోర్టుకు వెళ్ళి తన ఆస్తి ఇంత, ఫలానా వాళ్ళకు ఇంతింత బాకీ అని రాసి సంతకం పెట్టడని మీ విలేకరికి తెలియదా?

మా తమ్ముడు 2022లో ఐపీ పెట్టాడు. రెడీమేడ్ బట్టల కొట్టు. కరోనాలో మూతపడి మళ్ళీ లేవలేదు. పిటిషన్ వేశాక పడ్డ బాధ కన్నా, వేయకముందు నాలుగు నెలలు పడ్డదే ఎక్కువ. తెల్లారకముందే అప్పులవాళ్ళు అరుగు మీద కూర్చునేవాళ్ళు. బ్యాంకుల రికవరీ మనుషులు ఉదయం 8 గంటల లోపు, రాత్రి 7 దాటాక ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. చేబదులు ఇచ్చినవాళ్ళకు ఆ పట్టింపు ఎక్కడిది? నూటికి మూడు రూపాయల వడ్డీ వ్యాపారి, పాత వడ్డీ అసలులో కలిపి కొత్త ప్రోనోటు రాయించుకున్నాడు. ఇంకొకాయన ఆటో తెచ్చి కొట్లో మిగిలిన చీరల మూటలు ఎత్తుకుపోయాడు. మరొకాయన స్టేషన్‌కు పిలిపించాడు. అప్పు సివిల్ తగాదా. అయినా మావాణ్ణి పొద్దుట్నుంచి రాత్రిదాకా బెంచీ మీద కూర్చోబెట్టి, ‘రేపటికి సగం కట్టు, లేకపోతే లోపలేస్తాం’ అన్నారు. చేతిలో లేక కట్టలేనివాణ్ణి అప్పు కోసం జైల్లో పెట్టడం తగదని 1980లోనే సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. ఆ తీర్పు మా స్టేషన్‌దాకా ఇంకా రాలేదు.

ఆ తర్వాత ప్లీడరు దగ్గరకు వెళితే ఆయన తల పట్టుకున్నారు. ఎవరికీ విడిగా చెల్లించకూడదు, కొత్త నోటు రాయకూడదు, తాకట్టు రసీదులతో సహా అన్నీ జాబితాలో చూపాలి అన్నారు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక్క అప్పులవాడికే మేలు చేయాలని ఇచ్చింది చెల్లదట. రెండేళ్ళ లోపు దురుద్దేశంతో ఆస్తి రాసిచ్చి ఉంటే ఆ రాతనూ కోర్టు రద్దు చేయవచ్చట. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ చీరల మూటలు అందరికీ పంచబడేవి. చివరికి కోర్టులో మిగతావాళ్ళు ‘నీకు కావలసినవాళ్ళకు దోచిపెట్టావు’ అన్నారు. అంతకుముందే ఇచ్చిన ఖాళీ చెక్కు ఒకటి బౌన్సు కేసై విడిగా నడుస్తోంది. దానికి ఐపీ అడ్డం రాదు.

నా బాధ ఇంకొకటుంది. మా పక్కింటి మాస్టారు రిటైరైన డబ్బులో రెండు లక్షలు రూపాయి వడ్డీకి ఇచ్చారు. ఒక్కనాడు గొంతు పెంచలేదు. ‘ఉన్నప్పుడే ఇవ్వయ్యా’ అనేవారు. కేకలేసినవాడికి మూటలు దక్కాయి, స్టేషన్‌కు లాగినవాడికి మా మరదలి గాజులు దక్కాయి. ఆయనకు ఏమీ దక్కలేదు. ఐపీ చట్టం పెట్టింది ఇలాంటివాళ్ళ కోసం, ఉన్నది అందరికీ పంచడం కోసం.

ఆ చట్టమూ 1920 నాటిది. 500 రూపాయలు బాకీ ఉంటే ఐపీ వేయవచ్చని అందులో ఉంది, ఇప్పటికీ అదే అంకె. 2016లో పార్లమెంటు కొత్త దివాలా స్మృతి చేసింది. 35 వేల లోపు అప్పులున్న నిరుపేదలకు ఆ అప్పులు రద్దు చేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. కంపెనీల అప్పుకు హామీ ఉన్నవాళ్ళకు 2019 డిసెంబరు 1 నుంచి అమలు చేశారు. చిన్న కొట్టువాడికి మాత్రం ఇంకా బ్రిటిషువాళ్ళ చట్టమే దిక్కు. ఎన్ని ప్రభుత్వాలు వచ్చినా ఇది ఎవరి పనీ కాలేదు. మండల న్యాయ సేవల కమిటీలు ఉచితంగా సలహా ఇస్తాయంటారు. అప్పుల్లో మునిగినవాడికి ఆ సంగతి చెప్పే బోర్డు ఏ ఆఫీసు ముందూ నాకు కనబడలేదు.

ఇకమీదట ఐపీ వార్త వేసే ముందు మీ విలేకరిని కోర్టుకు పంపండి. పిటిషన్ వెనుక ఉండే అప్పులవాళ్ళ జాబితా చదవమనండి. అందులో మా మాస్టారు లాంటి వాళ్ళ ఇంటికి వెళ్ళి, వాళ్ళకెంత దక్కిందో అడిగి రాయమనండి.

– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా