గోడ మీది గురజాడ

సంపాదకులకు,

తిరుపతిలో బడి గోడల మీద మహనీయుల మాటలు రాయిస్తున్నారు. సంతోషమే. గురజాడ దగ్గరికొచ్చేసరికి మాత్రం తప్పులు దొర్లుతున్నాయి. ‘సొంత లాభం కొంత మానుకు’ అన్నది ‘మానుకుని’ అయిపోతోంది. వ్యాకరణానికి అదే బాగున్నట్టుంటుంది, అందుకే పెయింటరూ దిద్దేస్తాడు, పంతులూ ఊరుకుంటాడు. వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి: సొంత 3, లాభం 4, కొంత 3, మానుకు 4. మొత్తం 14 మాత్రలు, అంటే పలకడానికి పట్టే కాలపు కొలతలు. ‘ని’ చేరితే 15 అవుతాయి, నడక కుంటుతుంది. ‘పొరుగువాడికి’ని ‘పొరుగువారికి’ చేస్తే మాత్రం లెక్కకు దొరకదు, రెండూ ఏడే. అక్కడ పుస్తకం తెరవాల్సిందే.

అంతకన్నా పెద్ద చిక్కు కన్యాశుల్కంతో. ‘తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి’ అన్నది గురజాడ కాదు, కూతుర్ని ముసలివాడికి అమ్మజూపే అగ్నిహోత్రావధాన్లు. అభిప్రాయాలు మార్చుకోనివాడు పొలిటీషియన్ కాలేడన్నది గిరీశం. వాళ్ల నోటితోనే వాళ్ల గుట్టు విప్పించడంలో ఉంది ఆయన చమత్కారమంతా. పాత్ర పేరు తీసేసి కింద ‘గురజాడ’ అని రాస్తే వ్యంగ్యం కాస్తా హితబోధ అయి కూర్చుంటుంది. (గిరీశం చూస్తే మురిసిపోయేవాడు!)

కాబట్టి మాట కింద పాత్ర పేరు, నాటకం పేరు రెండూ ఉండాలి. కన్యాశుల్కానికి 1897 నాటి కూర్పు, బాగా పెంచి తిరగరాసిన 1909 నాటి కూర్పు ఉన్నాయి. ఏది చూశారో కూడా వేయాలి. ముందు సుద్దతో రాయించి, ఒకరు పైకి చదువుతుంటే మరొకరు పుస్తకంతో సరిచూసుకున్నాకే రంగు వేయించాలి.

– ఒక తెలుగు పంతులు, తిరుపతి