మోకాలి నొప్పి ఉన్నవాళ్లు ఆదివారం అరగంట ముందే రండి

అందరికీ నమస్తే. ఆదివారం సైకిల్ రైడ్ ఉదయం 6కే, నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర. మోకాళ్లు నొప్పి అంటున్నవాళ్లు 5:30 కల్లా వచ్చేయండి, సీటు ఎత్తు సరిచూద్దాం.

ఈలోగా ఇంట్లో గోడ పట్టుకుని సీటెక్కి, మడమతో పెడల్‌ని అడుగుదాకా తొక్కి చూడండి. కాలు పూర్తిగా చాచుకోవాలి, నడుము పక్కకి ఒరగకూడదు. నొప్పి మోకాలి ముందు ఉంటే చాలాసార్లు సీటు తక్కువ ఎత్తులో ఉన్నట్టు, వెనక ఉంటే ఎక్కువైనట్టు. ఒకేసారి 5 మి.మీ. మించి మార్చొద్దు, ప్లీజ్. పాత ఎత్తు దగ్గర టేపు అంటించుకోండి.

రోజూ తొక్కే బూట్లతోనే రండి. అలెన్ కీలు (సీటు బోల్టు తిప్పే ఆరు పలకల కడ్డీలు) ఉన్నవాళ్లు తెండి.

మోకాలు వాచి ఉంటే రైడ్ వద్దు, ముందు డాక్టర్‌కి చూపించండి.

వచ్చేవాళ్లు శనివారం రాత్రి 8 లోపు ఇక్కడే పేరు పెట్టండి.