ఫుట్‌బాల్ టీవీ డబ్బు కోసం మిగతా ఆటగాళ్లను తిప్పొద్దు

అమెరికా కాలేజీ క్రీడల్లో టీవీ హక్కుల పోటీ చివరికి చదువుకునే పిల్లల నిద్ర మీదికి వచ్చింది. 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ సంస్థలతో బిగ్ టెన్ (ప్రధానంగా మధ్య, తూర్పు రాష్ట్రాల కాలేజీల లీగు; అక్కడ లీగును కాన్ఫరెన్స్ అంటారు) కుదుర్చుకున్న ఒప్పందం ఏడేళ్లకు 700 కోట్ల డాలర్ల పైమాటే అని వార్తలొచ్చాయి. ఆ ఆదాయం కోసం పశ్చిమ తీరపు కాలేజీలు యూసీఎల్ఏ, యూఎస్‌సీ, ఒరెగాన్, వాషింగ్టన్ 2024లో అందులో చేరాయి. అవి వదిలేసిన, 1915లో పుట్టిన పశ్చిమ ప్రాంతపు లీగు పాక్-12లో ఆ ఏడాది మిగిలినవి రెండే కాలేజీలు. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ తూర్పు తీరపు లీగు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌కు వెళ్లాయి. మా అమ్మాయి పశ్చిమ తీరంలోనే ఓ కాలేజీకి వాలీబాల్ ఆడుతుంది. మొన్న ఆదివారం దేశం ఆ చివర మ్యాచ్ ఆడి, తెల్లవారుజామున మూడింటికి హాస్టల్‌కి చేరింది. మోకాలికి ఐస్ కట్టుకునే ఎనిమిదింటి కెమిస్ట్రీ క్లాసుకి పరుగెత్తింది. ఈ డబ్బంతా ప్రధానంగా ఫుట్‌బాల్‌ది (అమెరికన్ ఫుట్‌బాల్, సాకర్ కాదు), ఆ తర్వాత బాస్కెట్‌బాల్‌ది. ప్రయాణాల అలసట మాత్రం టెన్నిస్, సాఫ్ట్‌బాల్, వాలీబాల్ పిల్లలది కూడా. టీవీ ఒప్పందాలను ఫుట్‌బాల్‌కే పరిమితం చేసి, మిగతా ఆటలకు బస్సులో వెళ్లి రాగలిగే ప్రాంతీయ లీగులు మళ్లీ పెట్టాలి. కుదరదంటే కనీసం పరీక్షల వారాల్లోనైనా దూరపు మ్యాచ్‌లు పెట్టకూడదు.