గింజలు పంపడం లేదు

మాధవధార, విశాఖపట్నం
జులై, ఆదివారం మధ్యాహ్నం

అమ్మడూ,

మన రేగు చెట్టు గింజలు నాలుగు పంపమని మొన్న అడిగావు. సరేనని ఫోన్ పెట్టేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే మధ్యలోనే "అమ్మా!" అని అరుస్తావు, అందుకే రాస్తున్నాను. పెరట్లో ఉన్నది నీ చెట్టు కాదే. కాకుండా పోయి పదేళ్లు దాటింది.

2006లో రిక్షా మీద కడియం మొక్కలంటూ అమ్ముకొచ్చిన అతని దగ్గర బేరమాడి కొన్నాం, గుర్తుందా? గంగరేగు. కాయ కోడిగుడ్డంత ఉంటుందని స్కూల్లో కోతలు కోసేదానివి. అంత లేదులే, పెద్ద నిమ్మకాయంత ఉండేది. కొరికితే జామకాయలా కరకరలాడేది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి ఊరంతా చెట్లు పడగొట్టినప్పుడు మనదీ పోయింది. అడుగున జానెడు మోడు మిగిలింది. నెల తిరక్కుండా ఆ మోడు చుట్టూ చిగుళ్లు లేచాయి. "చెట్టు బతికిందే!" అని నీకు ఫోన్ చేసి ఏడ్చాను కూడా. రెండేళ్లకి కాయలొచ్చాయి. గోళీకాయంత, నాలిక జివ్వుమనేంత పులుపు. సముద్రం గాలి ఉప్పు తగిలిందనుకుని రెండు తట్టల పేడ ఎరువు వేశాను. మరుసటి ఏడూ అదే పులుపు.

నర్సరీలో పనిచేసే ఒక పెద్దాయన చూసి నవ్వాడు. అంటు మొక్క అంటే రెండు చెట్లట. కింద అడవి రేగు. దాని వేరు లోతుకి దిగిపోతుంది, ఎండకీ నీటి ఎద్దడికీ జంకదు. పైన మంచి రకం తాలూకు ఒక్క కన్ను, అంటే కొమ్మ మీద చిగురు లేచే మొగ్గ, తెచ్చి అతికిస్తారు. తుపానుకి మనది ఆ అతుక్కి కిందనే విరిగింది. లేచిన చిగుళ్లన్నీ అడవి రేగువే. ఆకు చిన్నదైంది, ముళ్లు ఎక్కువయ్యాయి. చూసి కూడా నేను పోల్చుకోలేదు.

నీకెందుకు చెప్పలేదంటావా? ప్రతి సంక్రాంతికీ వచ్చి ఆ చెట్టు కింద నిలబడి ఫోటో దిగుతావు. ఎలా చెప్పను? అయినా దానిదేం తప్పు? నీ కూతురికి పోసిన భోగిపళ్లు దానివే. గంగరేగు కాయలు పోసుంటే పిల్ల నెత్తి బొప్పి కట్టేది. భోగికీ, రథసప్తమి స్నానానికీ వీధి వీధంతా మన గుమ్మంలోకే వస్తారు. మీ నాన్న కొట్టేద్దామన్న ప్రతిసారీ నేనే అడ్డం పడ్డాను.

హుద్‌హుద్‌కి ముందు మీ అనకాపల్లి అత్త మన చెట్టు కొమ్మ పట్టుకెళ్లి వాళ్ల పెరట్లో అంటు కట్టించుకుంది. అది ఇప్పటికీ కాస్తోంది. మన చెట్టు కన్నేనని ఆవిడ ఒట్టేసి చెబుతోంది. మీ అత్త ఒట్లు నీకు తెలియనివి కావు, కాయ నోట్లో పెట్టుకున్నాకే నమ్ముతాను. పోయిన మే నెలలో మన చెట్టులో ఒక పక్క కొమ్మ మాత్రం ఉంచి మిగతాది నడుమెత్తున కోయించాను. కొత్త చిగుళ్లు పెన్సిలంత లావయ్యాక అత్త దగ్గర పుల్లలు కోసి, ఆకులు తుంచి, తడిగుడ్డలో చుట్టి బస్సులో తెచ్చాను. సాయంత్రానికల్లా ఆ పెద్దాయన కన్నులు కట్టేశాడు. నాలుగు కడితే రెండు పట్టాయి. ఈ సంక్రాంతికి ఓ పది కాయలైనా చూస్తామేమో. ఉంచిన పులుపు కొమ్మ భోగిపళ్లకి అలాగే ఉంటుంది.

ఇక నీ మాట. అసలు చెట్టు గింజ నాటినా ఆ తీపే వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే గింజలు పంపడం లేదు. పులుపు కాయల గింజలే ఉప్పు నీళ్లలో వేసి, తేలినవి పారేసి, మునిగినవి పెంకు మాత్రం పగిలేలా సుత్తితో మెల్లగా కొట్టి, లోపలి పప్పు సంచుల్లో నాటాను. పెంకుతో నాటితే మొలవడానికి చాలా రోజులు పడుతుంది. వాటి మీద అత్త చెట్టు కన్ను కట్టించాను. ఒక మొక్క తమ్ముడితో పంపుతున్నాను.

నాటడానికి నువ్వు ఫోటోలో చూపించిన మూల వద్దు, పక్కింటి వేప నీడ పడుతోంది. రేగుకి నిండా ఎండ కావాలి. గోడకి పదడుగులు ఎడంగా పెట్టు, పిల్ల తిరిగే దారిలో పెట్టకు, ముళ్లు. సంచి కోసేటప్పుడు మట్టి ముద్ద విడిందా, వేరు తెగిందా, ఇక బతకదు. మొదటి ఏడాది నీళ్లు చూసుకో. తరవాత కాయ ఊరే రోజుల్లో తప్ప పట్టించుకోనక్కర్లేదు. ఎండాకాలం ఆకు రాల్చి పడుకుంటుంది, అప్పుడు జాలిపడకుండా కత్తిరించు. ఆ ఏడు వచ్చిన కొత్త కొమ్మ మీదే కాయ కాస్తుంది. నేను కోయిస్తుంటే పక్కింటావిడ పాపం పాపం అంది. పండగకి బుట్ట పట్టుకుని ముందొచ్చేదీ ఆవిడే!

చలికాలంలో పిందెల మీద తెల్లటి బూడిద కనిపిస్తే లీటరు నీళ్లకి మూడు గ్రాముల నీళ్లలో కరిగే గంధకం కలిపి కొట్టు. పుచ్చిన కాయలు రాలితే చెట్టు కింద ఉంచకు, రోజూ ఏరి పారెయ్. లోపలి పురుగు ఆ మట్టిలోకే దిగి, ఈగై మళ్లీ కాయల మీదే వాలుతుంది.

అతుకు దగ్గర ఎర్ర దారం కట్టాను, చూసుకో. దాని కింద ఏది చిగురించినా గోటితో గిల్లెయ్.

అమ్మ