కెల్డిష్‌ని మర్చిపోయారా?

సంపాదకులు గారికి నమస్కారం.

అంతరిక్షయానం అనగానే గగారిన్, సోవియట్ రాకెట్ల రూపకర్త కొరొల్యోవ్ గురించే రాస్తారు, మరి మ్‌స్తిస్లావ్ కెల్డిష్ పేరు ఎవరూ ఎత్తరేం? 1911లో రీగాలో పుట్టిన ఈ గణితవేత్త 1930లలో సోవియట్ విమాన పరిశోధన సంస్థలో పనిచేస్తూ, వేగం పెరిగేకొద్దీ రెక్కలు గడగడా వణికి క్షణాల్లో విమానం ముక్కలైపోయే 'ఫ్లటర్' ఎందుకొస్తుందో లెక్కకట్టి, దాన్ని ఆపే దారి చూపారు. విమానం నేల మీద పరుగెత్తేటప్పుడు ముందు చక్రం అటూఇటూ ఊగిపోయే సమస్యనూ తేల్చారు. ఎంతమంది పైలట్ల ప్రాణాలు నిలిచి ఉంటాయో! 1961 నుంచి 1975 దాకా సోవియట్ సైన్స్ అకాడమీ అధ్యక్షుడు కూడా ఆయనే. అయినా రాకెట్ల పని విషయంలో సోవియట్ పత్రికలు ఆయన పేరు బయటపెట్టకుండా 'ప్రధాన సిద్ధాంతకర్త' అని మాత్రమే వేసేవి. అప్పుడంటే రహస్యం, మరి ఇప్పుడు? మీ పిల్లల పేజీలో ఆయన మీద ఒక్క వ్యాసమైనా వేయండి.

— ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు